సొంతంగా గేమింగ్ పీసీ బిగించుకోవడం: కొత్తవాళ్లు పదేపదే అడిగే ప్రశ్నలు

ఇంటర్ పరీక్షలు అయిపోగానే నాకు ఫోన్లు మొదలవుతాయి. పిన్ని కొడుకు ఒకడు, పై పోర్షన్ అబ్బాయి ఒకడు, ఆఫీసులో పక్క సీటాయన బావమరిది ఇంకొకడు. మనుషులు మారతారు గానీ ప్రశ్నలు మారవు. అందుకే అన్నీ ఒకచోట రాసి పెట్టాను. ప్రశ్నలు వాళ్లు అడిగిన మాటల్లోనే ఉన్నాయి. మీకు ఏది కావాలో నేరుగా దాని దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు.

## మొదలుపెట్టే ముందు

స్క్రూడ్రైవర్ పట్టుకోవడం తప్ప నాకేమీ రాదు. నా వల్ల అవుతుందా?

అవుతుంది. సోల్డరింగ్ ఉండదు, వైర్లు కత్తిరించి అతికించే పని ఉండదు. దాదాపు ప్రతి కనెక్టరూ దాని చోట తప్ప ఇంకోచోట పట్టని ఆకారంలోనే ఉంటుంది. మొదటిసారి నాలుగైదు గంటలు పట్టొచ్చు. అందరికీ చెయ్యి వణికేది బిగించేటప్పుడే, కానీ అసలు తప్పులు జరిగేది కొనేటప్పుడు. ఒకదానికొకటి పడని మదర్‌బోర్డు, ర్యామ్ తెచ్చుకోవడం, పవర్ సప్లై (షాపుల్లో ఎస్‌ఎంపీఎస్ అంటారు) దగ్గర పీనాసితనం చూపించడం. నేను చూసిన ఇబ్బందుల్లో ఎక్కువ ఈ రెండే.

షాపులో బిగించిందే కొంటే పోలేదా? సొంతంగా చేస్తే ఎంత మిగులుతుంది?

డబ్బు కోసమే అయితే పెద్దగా మిగలదు. విడిభాగాలన్నీ తమ దగ్గరే కొంటే బిగించే కూలి చాలా షాపులు నామమాత్రంగానే తీసుకుంటాయి. తేడా లోపలి సరుకులో ఉంటుంది. రెడీమేడ్ పీసీల ప్రకటనలో ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు పెద్ద అక్షరాల్లో ఉంటాయి. పవర్ సప్లై ఏ కంపెనీదో, ర్యామ్ ఒక స్టిక్కా రెండా, మదర్‌బోర్డు ఏ మోడలో చాలాసార్లు రాయరు. కోత పడేది సరిగ్గా అక్కడే. ఏదైనా పాడైతే ఒక్కరికే ఫోన్ చేయాలి, నాకు ఈ తలనొప్పి వద్దు అనుకుంటే రెడీమేడ్ కొనడం తప్పేమీ కాదు. సొంతంగా బిగిస్తే ఒక్కో భాగానికి ఒక్కో కంపెనీ వారంటీ ఉంటుంది.

గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోవచ్చు కదా అంటున్నారు ఇంట్లో.

హాస్టల్‌కి వెళ్లేవాళ్లైతే ఇంట్లోవాళ్లు చెప్పిందే రైటు. ఒకే చోట ఉండేవాళ్లైతే డెస్క్‌టాపే లాభం. కార్డు పేరు ఒకటే అయినా లోపల ఒకటి కాదు. ఉదాహరణకు ఆర్‌టీఎక్స్ 4070 డెస్క్‌టాప్ కార్డులో 12 జీబీ మెమరీ ఉంటే, అదే పేరుతో ల్యాప్‌టాప్‌లో వచ్చేదానికి 8 జీబీయే. పైగా మూడేళ్ల తర్వాత ల్యాప్‌టాప్‌లో కార్డు మార్చుకోలేరు.

బడ్జెట్ ఎంత పెట్టుకోవాలి?

అంకె చెప్పను. 2025 చివర్లో ఏఐ డేటా సెంటర్ల గిరాకీ వల్ల ర్యామ్ ధరలు ఎలా ఎగబాకాయో చూశాక ఎవరికీ అంకె చెప్పడం మానేశాను. లెక్క వేసే పద్ధతి మాత్రం చెబుతాను. ముందు మానిటర్ తేల్చుకోండి, అంటే తెర మీద చుక్కల లెక్క (రిజల్యూషన్) 1080పీయా, ఇంకా స్పష్టమైన 1440పీయా అని. తర్వాత ఏ ఆటలో తేల్చుకోండి. వాలరెంట్ లాంటి ఆన్‌లైన్ పోటీ షూటింగ్ ఆటలే ఆడేవాళ్లకు ప్రాసెసర్ ముఖ్యం. పెద్ద పెద్ద ఓపెన్ వరల్డ్ ఆటలకు గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం. రెండో రకం అయితే క్యాబినెట్ వరకు అయ్యే ఖర్చులో మూడో వంతు నుంచి 40 శాతం దాకా కార్డుకే పోతుంది, పోవాలి కూడా. చాలామంది ఈ లెక్కలో మానిటర్, కీబోర్డు, మౌస్, యూపీఎస్, విండోస్ మరిచిపోతారు. చివరికి గొప్ప కార్డు కొని, అన్నయ్య పడేసిన పాత ఆఫీసు మానిటర్‌కి తగిలిస్తారు.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు లేకుండా మొదలుపెట్టి, తర్వాత కొనుక్కోవచ్చా?

ప్రాసెసర్‌లోనే గ్రాఫిక్స్ ఉంటే కొనుక్కోవచ్చు. ఏఎండీ కంపెనీ రైజెన్ 5 7600లో చిన్న గ్రాఫిక్స్ ఉంది, తెర మీద బొమ్మ వస్తుంది కానీ ఆటలకు చాలదు. 8600జీలో ఉన్నది తేలికపాటి ఆటలు సెట్టింగ్స్ తగ్గించి ఆడుకోవడానికి పనికొస్తుంది. రైజెన్ 5 5600, ఇంటెల్ 12400ఎఫ్ లాంటి వాటిలో అసలు గ్రాఫిక్సే ఉండదు. కార్డు పెట్టేదాకా తెర నల్లగానే ఉంటుంది. ఒక చిన్న మెలిక ఏమిటంటే, గ్రాఫిక్స్ ఉన్న 5600జీలో క్యాష్ మెమరీ (ప్రాసెసర్ లోపలే ఉండే అతివేగపు చిన్న మెమరీ) 5600లో ఉన్నదానిలో సగమే. తర్వాత మంచి కార్డు పెట్టినా మామూలు 5600 ఇచ్చినన్ని ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) రావు.

## విడిభాగాలు ఎంచుకునేటప్పుడు

ఇంటెలా, ఏఎండీయా?

ప్రాసెసర్లు చేసే ఈ రెండు కంపెనీల గొడవ అభిమాన సంఘాలకు వదిలేసి సాకెట్ (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) సంగతి చూడండి. ఏఎండీ ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, కనీసం 2027 దాకా దానికి మద్దతు ఉంటుందని కంపెనీయే చెప్పింది. అంటే ఇవాళ మామూలు ప్రాసెసర్ పెట్టుకుని మూడేళ్ల తర్వాత అదే బోర్డులో మంచిది పెట్టుకునే వీలుంది. ఇంటెల్ ఎల్‌జీఏ1700 సాకెట్ 12, 13, 14 తరాలతో ముగిసింది. 2024లో వచ్చిన కోర్ అల్ట్రాలకు వేరే సాకెట్. కొత్తగా కొనేవాళ్లకు నా ఓటు ఏఎం5కే. డబ్బు బాగా బిగువుగా ఉంటే పాత ఏఎం4లో రైజెన్ 5 5600 ఇప్పటికీ మర్యాదగానే నడుస్తుంది. కానీ ఆ బోర్డు మీద ఇక పైకి వెళ్లే దారి తక్కువ.

సెకండ్ హ్యాండ్‌లో 13, 14 తరాల ఇంటెల్ ఐ7, ఐ9 తక్కువకు దొరుకుతున్నాయని ఎగబడకండి. వాటిలో వోల్టేజీ సమస్య వల్ల ప్రాసెసర్లు క్రమంగా పాడవడం 2024లో బయటపడింది. ఇంటెల్ కొత్త మైక్రోకోడ్ (ప్రాసెసర్‌ని నడిపే లోపలి సాఫ్ట్‌వేర్) ఇచ్చింది, వారంటీ కూడా రెండేళ్లు పొడిగించింది. కానీ అప్పటికే జరిగిన నష్టాన్ని ఏ అప్‌డేటూ వెనక్కి తేలేదు.

పేరు చివర ఎఫ్, కే, జీ, ఎక్స్3డీ అని ఉంటాయి. ఏమిటవి?

ఎఫ్ అంటే లోపల గ్రాఫిక్స్ లేదు. ఇంటెల్‌లో కే అంటే ఓవర్‌క్లాక్ చేసుకోవచ్చు, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే పెంచుకోవచ్చు, మొదటి పీసీకి అక్కర్లేదు. ఏఎండీలో జీ అంటే కాస్త బలమైన గ్రాఫిక్స్ లోపలే ఉంది. ఎక్స్3డీ అంటే క్యాష్ మెమరీ ఎక్కువ, ఆటల్లో తేడా బాగా కనిపిస్తుంది, ధరలో ఇంకా బాగా కనిపిస్తుంది.

గ్రాఫిక్స్ కార్డులో 8 జీబీ సరిపోతుందా?

1080పీలో పోటీ ఆటలు ఆడేవాళ్లకు సరిపోతుంది. కొత్తగా వచ్చే భారీ ఆటల్లో టెక్స్‌చర్స్ (గోడలు, బట్టల మీద కనిపించే నగిషీ) హై పెడితే ఇరుకవుతుంది. కొనేటప్పుడు జాగ్రత్త. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ రెండూ 8 జీబీలోనూ 16 జీబీలోనూ వస్తాయి, పేరు ఒకటే. ‘చవగ్గా దొరికింది’ అని సంబరపడేవాళ్ల చేతిలో సాధారణంగా 8 జీబీదే ఉంటుంది.

బాటిల్‌నెక్ కాలిక్యులేటర్‌లో 17 శాతం చూపిస్తోంది. టెన్షన్‌గా ఉంది.

ఏ భాగం మిగతావాటిని వెనక్కి లాగుతోందో లెక్కకట్టే వెబ్‌సైట్ అది. ఆ పేజీ మూసేయండి. ఏ పీసీలోనైనా ఏదో ఒక భాగం ముందు అలసిపోతుంది, అది ఆటను బట్టి మారుతుంది. దానికి ఒకే అంకె కట్టడం కుదరదు.

ర్యామ్ 16 జీబీ చాలా? ఒక స్టిక్ తీసుకోనా, రెండు తీసుకోనా?

ఆటలకు 16 చాలు. వీడియో ఎడిటింగో, వెనకాల ముప్పై ట్యాబులు తెరిచి ఉంచే అలవాటో ఉంటే 32. రెండు స్టిక్కులే తీసుకోండి. రెండుంటే ప్రాసెసర్‌కి రెండు దారుల్లో డేటా వస్తుంది, ఒక్కటే పెడితే కొన్ని ఆటల్లో ఫ్రేములు బాగా పడిపోతాయి. అదీ ఒకే ప్యాక్‌లో జతగా అమ్మేవి. ఇప్పుడొకటి, ఆరు నెలల తర్వాత ఇంకొకటి అనుకుంటే రెండోది మొదటిదానితో పడకపోవచ్చు. డీడీఆర్4, డీడీఆర్5 రెండింటికీ 288 పిన్నులే అయినా మధ్యలో గాడి వేరేచోట ఉంటుంది, ఒకటి ఇంకోదానిలో దూరదు. ఏఎం5కి డీడీఆర్5 మాత్రమే, ఏఎం4కి డీడీఆర్4 మాత్రమే. ఎల్‌జీఏ1700లో బోర్డును బట్టి రెండూ ఉన్నాయి కాబట్టి బోర్డు పేరు పూర్తిగా చదివి కొనండి.

ఎస్‌ఎంపీఎస్ ఎన్ని వాట్లది కావాలి? క్యాబినెట్‌తో పాటు ఫ్రీగా వచ్చేది చాలదా?

చాలదు. నేను ఎవరితోనైనా గట్టిగా వాదించేది ఈ ఒక్క విషయంలోనే.

లెక్క ఇలా వేయండి. రైజెన్ 5 7600 మీద 65 వాట్లు అని ఉంటుంది గానీ నిండుగా పనిచేసేటప్పుడు 88 దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 4060 కార్డు 115. బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ (ఆటలు, ఫైళ్లు దాచే భాగం), ఫ్యాన్లు అన్నీ కలిపి ఓ 50, 60 వేసుకోండి. మొత్తం 260 వాట్ల చిల్లర. గ్రాఫిక్స్ కార్డులు క్షణంలో వెయ్యో వంతు సేపు తమ హద్దు దాటి లాగుతాయి కాబట్టి ఆ కుదుపుకు చోటు వదలాలి. ఆ కార్డు కంపెనీ ఎన్విడియా కూడా 550 వాట్లే సూచిస్తుంది. తర్వాత పెద్ద కార్డుకు వెళ్లే ఆలోచన ఉంటే 650 లేదా 750.

వాట్ల కంటే నాణ్యత ముఖ్యం. లేబుల్ మీద 12 వోల్టుల వరసలో ఎన్ని వాట్లు ఇస్తుందో చూడండి. మంచి యూనిట్‌లో అది మొత్తానికి దాదాపు సమానంగా ఉంటుంది. డబ్బా మీద 500 అని రాసి 12 వోల్టుల మీద అందులో సగం కూడా ఇవ్వనివి మార్కెట్లో ఉన్నాయి. 80 ప్లస్ బ్రాంజ్, గోల్డ్ అనేవి కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్రలు, అది మన్నుతుందని పూచీ కాదు. అయిదేళ్లో అంతకంటే ఎక్కువో వారంటీ ఇచ్చే మోడల్ అయితే కంపెనీకే దాని మీద నమ్మకం ఉందన్నమాట. చవక ఎస్‌ఎంపీఎస్ పోతూ పోతూ ఊరికే పోదు, బోర్డునో కార్డునో వెంట తీసుకుపోతుంది.

క్యాబినెట్ ఎలాంటిది తీసుకోవాలి?

ముందు వైపు జాలీ ఉన్నది. ముందు అద్దం బిగించిన క్యాబినెట్ చూడ్డానికి అద్దాల మేడలా ఉంటుంది, లోపల మాత్రం ప్రెషర్ కుక్కరే. మీ కార్డు పొడవు, కూలర్ ఎత్తు మిల్లీమీటర్లలో రాసుకుని క్యాబినెట్ కొలతలతో సరిచూసుకోండి. రంగుల లైట్లు మీ ఇష్టం.

ఎస్‌ఎస్‌డీ ఏది? 1 టీబీ కొంటే 931 జీబీ చూపిస్తోందేం?

నేరుగా బోర్డులోనే గుచ్చే ఎం.2 ఎన్‌వీఎంఈ రకం తీసుకోండి. వాటిలో వేగాన్ని బట్టి జెన్ 3, జెన్ 4 అని తరాలుంటాయి, ఆటలకు ఆ తేడా చేతికి తెలియదు. హార్డ్ డిస్కుకి, ఎస్‌ఎస్‌డీకి మధ్య తేడా మాత్రం కళ్లకు కడుతుంది. 931 చూసి మోసపోయామనుకోవద్దు. కంపెనీ వెయ్యితో లెక్కిస్తుంది, విండోస్ 1024తో లెక్కిస్తుంది, అంతే.

## కొనేటప్పుడు

సికింద్రాబాద్ సీటీసీకి వెళ్లాలా, ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలా?

రెండూ చూడండి. సీటీసీ అంటే పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్. అంతస్తులన్నీ కంప్యూటర్ షాపులే. వెళ్లేముందు ప్రతి భాగం పూర్తి మోడల్ పేరు, ఆన్‌లైన్ ధర కాగితం మీద రాసుకోండి. మూడు షాపుల్లో మొత్తం సెట్‌కి కొటేషన్ అడగండి, ఒక్కొక్కటీ విడిగా బేరం చేస్తే తగ్గదు. ‘అదే సార్, కంపెనీ మాత్రమే వేరు’ అన్నప్పుడు జాగ్రత్తపడండి. ఎక్కువగా మార్చి ఇచ్చేది ఎస్‌ఎంపీఎస్‌నీ, ఎస్‌ఎస్‌డీనీ. నాకూ ఒకసారి అలాగే అంటగట్టారు, ఇంటికొచ్చాక గానీ చూసుకోలేదు.

ఆన్‌లైన్ అయితే పార్సిల్ అందిన క్షణం నుంచి ఆపకుండా వీడియో తీస్తూ తెరవండి. సీలు, సీరియల్ నంబరు కనిపించాలి. డబ్బాలో వేరే వస్తువు వచ్చిందని చెప్పుకోవడానికి మీ చేతిలో ఉండే ఆధారం అదొక్కటే.

బిల్లు వద్దంటే తగ్గిస్తానంటున్నాడు. తీసుకోనా?

వద్దు. అతను తగ్గించేది 18 శాతం జీఎస్‌టీ, మీరు పోగొట్టుకునేది మూడేళ్ల వారంటీ. బిల్లు మీద సీరియల్ నంబర్లు ఉండేలా చూసుకుని ఫోటో తీసి పెట్టుకోండి. థర్మల్ కాగితం బిల్లు ఏడాదిలో తెల్లబడిపోతుంది.

సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డు కొనొచ్చా?

నడుస్తుండగా చూసి కొనొచ్చు. అమ్మేవాళ్ల ఇంట్లోనే అరగంట ఏదైనా బరువైన ఆట నడిపించి చూడండి. తెర మీద చుక్కలు, గీతలు రాకూడదు, ఫ్యాన్ గరగరలాడకూడదు. జీపీయూ-జెడ్ అనే ఉచిత ప్రోగ్రాంలో కార్డు అసలు పేరు చూడండి. పాత కార్డుకి కొత్త పేరు రాసి అమ్మే మోసాలు అందులో దొరికిపోతాయి. మైనింగ్‌లో (క్రిప్టో నాణేల కోసం రాత్రీపగలూ నడపడంలో) వాడిన కార్డు అనగానే పారిపోనక్కర్లేదు, కానీ ధర ఆ మేరకు తగ్గాలి. ఎస్‌ఎంపీఎస్ మాత్రం సెకండ్ హ్యాండ్ వద్దు.

మా అన్నయ్య డల్లాస్ నుంచి వస్తున్నాడు. కార్డు అక్కడ కొనమని చెప్పనా?

అక్కడి వెబ్‌సైట్‌లో కనిపించే ధరకు సేల్స్ ట్యాక్స్ కలిపి చూడండి. సగం ఆనందం అక్కడే ఆవిరవుతుంది. కొత్త వస్తువు కాబట్టి కస్టమ్స్ మినహాయింపు పరిమితి లెక్కలోకీ వస్తుంది. అసలు చిక్కు వారంటీ. చాలా కంపెనీలు కొన్న దేశంలోనే ఇస్తాయి. పాడైతే అన్నయ్య మళ్లీ వచ్చేదాకా ఆగాలి. అదే ప్రాసెసర్, ర్యామ్ లాంటివైతే పాడవడం అరుదు కాబట్టి ధైర్యం చేయొచ్చు. ఎస్‌ఎంపీఎస్ తెప్పించుకుంటే 100 నుంచి 240 వోల్టులు అని రాసి ఉందో లేదో చూడండి. వెనక ఎర్ర స్విచ్ ఉండి అది 115 మీద ఉంటే, మన 230 వోల్టుల ప్లగ్గులో పెట్టగానే ఢామ్మంటుంది.

## బిగించేటప్పుడు

ఏమేం సామాన్లు కావాలి?

కొసన అయస్కాంతం ఉన్న స్టార్ స్క్రూడ్రైవర్ ఒకటి, స్క్రూలు వేసుకోవడానికి రెండు చిన్న గిన్నెలు, ఫోన్ టార్చి, ఖాళీగా ఉన్న డైనింగ్ టేబుల్. అంతకుముందు రాత్రే విండోస్ వేయడానికి కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ సిద్ధం చేసుకోండి.

ఒంట్లో కరెంటుతో బోర్డు కాలిపోతుందట కదా?

స్టాటిక్ గురించి భయం ఎక్కువ, ప్రమాదం తక్కువ. మన వాతావరణంలో గాలిలో తేమ ఉంటుంది కాబట్టి ఇంకా తక్కువ. అయినా మంచం మీద దుప్పటి పరిచి దాని మీద బిగించకండి. ఎస్‌ఎంపీఎస్‌ని ఎర్తింగ్ ఉన్న ప్లగ్గుకి పెట్టి, దాని వెనక స్విచ్ ఆఫ్‌లో ఉంచి, పని మొదలుపెట్టేముందు ఆ ఇనుప డొక్కును ఒకసారి ముట్టుకోండి. చాలు. ఇక కేబుళ్లు బోర్డుకు కలిపే పని మొదలవగానే ప్లగ్గు పూర్తిగా తీసేయండి.

దేని తర్వాత ఏది బిగించాలి?

మదర్‌బోర్డును దాని అట్టపెట్టె మీదే ఉంచి ప్రాసెసర్, ర్యామ్, ఎం.2 ఎస్‌ఎస్‌డీ, కూలర్ బయటే బిగించండి. క్యాబినెట్ లోపలికి వెళ్లాక చేతులు పట్టవు. ఓపికుంటే ఈ దశలోనే ఎస్‌ఎంపీఎస్ తగిలించి ఒకసారి ఆన్ చేసి చూడొచ్చు. కూలర్ ఉండాలి, ఇంకేమీ అక్కర్లేదు. ప్రాసెసర్‌లో గ్రాఫిక్స్ లేకపోతే కార్డు కూడా పెట్టాలి. అప్పుడు తెర మీద బయోస్ (విండోస్ కంటే ముందు వచ్చే బోర్డు సొంత సెట్టింగ్స్ పేజీ) కనిపిస్తే సగం పెళ్లి అయిపోయినట్టే.

తర్వాత క్యాబినెట్. బోర్డు వెనక పోర్టుల చుట్టూ వచ్చే రేకు విడిగా ఇచ్చి ఉంటే ముందు దాన్ని లోపలి నుంచి నొక్కి బిగించండి. మీ బోర్డు సైజుకు తగ్గ రంధ్రాల్లో ఇత్తడి స్టాండాఫ్‌లు (బోర్డును రేకుకు ఆనకుండా ఎత్తి పట్టే చిన్న కాళ్లు) ఉన్నాయో లేదో చూడండి, లేని చోట స్క్రూ పట్టదు, అనవసరమైన చోట ఉంటే బోర్డు వెనక షార్ట్ అవుతుంది. ఎస్‌ఎంపీఎస్ పెట్టాక ప్రాసెసర్‌కి కరెంటు ఇచ్చే 8 పిన్నుల కేబుల్‌ని పై ఎడమ మూల కంత గుండా ముందే లాగి ఉంచండి, ఆ తర్వాత బోర్డు దింపండి. నా మొదటి పీసీలో నేను బోర్డు, కార్డు అన్నీ బిగించేశాక ఆ కేబుల్ గుర్తొచ్చింది. కంతలో వేలు కూడా పట్టలేదు. మొత్తం విప్పి మళ్లీ మొదటికొచ్చాను, రాత్రి ఒంటిగంటకు. గ్రాఫిక్స్ కార్డు అన్నిటికంటే చివర.

ప్రాసెసర్ కేబుల్, కార్డు కేబుల్ రెండూ 8 పిన్నులే కానీ ఒకటి కాదు. ప్రాసెసర్‌ది 4, 4గా చీలుతుంది, కార్డుది 6, 2గా చీలుతుంది. వేరే ఎస్‌ఎంపీఎస్ కేబుళ్లు ఇంట్లో ఉన్నాయి కదా అని దీనికి వాడొద్దు. కనెక్టర్ పట్టినా లోపల వైర్ల వరస కంపెనీకో రకం, కాలిపోతాయి.

ప్రాసెసర్ లివర్ నొక్కుతుంటే కరకరమని శబ్దం. ఆపేయనా?

ఏఎం5లోనూ ఇంటెల్‌లోనూ పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, లివర్‌కి గట్టిగానే బలం పెట్టాలి, ఆ శబ్దం మామూలే. మూల మీద ఉన్న చిన్న త్రికోణం గుర్తులు కలిశాయా, ప్రాసెసర్ కదలకుండా పడుకుందా, ఈ రెండూ చూసి నొక్కండి. నల్ల ప్లాస్టిక్ మూత దానంతటదే ఊడి వస్తుంది, పారేయకండి. బోర్డు వారంటీకి పంపేటప్పుడు అడుగుతారు. పాత ఏఎం4లో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. అక్కడ మాత్రం బలం అస్సలు వద్దు, దానంతట అదే దిగాలి.

థర్మల్ పేస్ట్ ఎంత వేయాలి?

ప్రాసెసర్ వేడిని కూలర్‌కి చేర్చే పేస్టు ఇది. బఠాణీ గింజంత, ప్రాసెసర్ మీద మధ్యలో. కూలర్ అడుగున ముందే పూసి వస్తే మళ్లీ వేయొద్దు. అడుగున పారదర్శకమైన ప్లాస్టిక్ పొర ఉంటే ఒలిచేయండి. దాన్ని మరిచిపోయి ‘వంద డిగ్రీలు చూపిస్తోంది’ అని ఫోన్ చేసినవాళ్లు నాకు ఇద్దరున్నారు.

నాలుగు ర్యామ్ స్లాట్లుంటే రెండు స్టిక్కులు ఎక్కడ పెట్టాలి?

ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే రెండోదీ, నాలుగోదీ. చాలా బోర్డుల మీద ఏ2, బీ2 అని రాసి ఉంటుంది. టక్కుమని శబ్దం వచ్చేదాకా నొక్కాలి.

పవర్ బటన్ నుంచి వచ్చే చిన్న చిన్న వైర్లు ఎక్కడ గుచ్చాలో అర్థం కావట్లేదు.

అందరూ విసుక్కునేది ఇక్కడే. బోర్డు కుడి కింది మూలలో ఉన్న పిన్నుల గుంపు బొమ్మ మాన్యువల్‌లో ఉంటుంది, ఫోన్‌లో ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. పవర్ బటన్, రీసెట్ వైర్లు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. లైట్ల వైర్లకు మాత్రం ప్లస్, మైనస్ ఉంటుంది. తిరగేసి పెడితే లైటు వెలగదు, అంతకంటే నష్టం లేదు.

## మొదటిసారి ఆన్ చేసినప్పుడు

బటన్ నొక్కితే చలనమే లేదు.

ఎస్‌ఎంపీఎస్ వెనక స్విచ్ ఆన్‌లో ఉందా? నవ్వకండి, ఎక్కువసార్లు అదే. తర్వాత బోర్డుకు వెళ్లే 24 పిన్నుల కేబుల్ చివరిదాకా దిగిందా, పవర్ బటన్ వైరు సరైన పిన్నుల మీద ఉందా చూడండి. అనుమానంగా ఉంటే ఆ రెండు పవర్ పిన్నులను స్క్రూడ్రైవర్ కొసతో ఒక్క క్షణం కలపండి. పీసీ లేస్తే తప్పు బటన్‌దో దాని వైరుదో.

ఫ్యాన్లు తిరుగుతున్నాయి, డిస్‌ప్లే మాత్రం రావట్లేదు. పోయిందా?

కంగారు పడి వెంటనే ఆపేయకండి. డీడీఆర్5 ఉన్న ఏఎం5 బోర్డులు మొదటిసారి ర్యామ్‌ని అలవాటు చేసుకోవడానికి కొన్ని నిమిషాలు తీసుకుంటాయి. అంతసేపూ తెర నల్లగానే ఉంటుంది. టీ పెట్టుకుని రండి.

పదిహేను నిమిషాలైనా రాకపోతే మానిటర్ కేబుల్ ఎక్కడ పెట్టారో చూడండి. అది మదర్‌బోర్డుకు కాదు, కింద అడ్డంగా ఉన్న గ్రాఫిక్స్ కార్డు పోర్టుకు ఉండాలి. తర్వాత బోర్డు మీద చిన్న లైట్లు వెతకండి. చాలా బోర్డుల్లో సీపీయూ, డీర్యామ్, వీజీఏ, బూట్ అని నాలుగు ఉంటాయి, ఎక్కడ ఆగిందో ఆ లైటు చెబుతుంది. డీర్యామ్ అయితే కరెంటు తీసేసి ర్యామ్ తీసి మళ్లీ గట్టిగా నొక్కండి, ఒక్క స్టిక్‌తో ప్రయత్నించండి. వీజీఏ అయితే కార్డుకు పవర్ కేబుల్ పెట్టారో లేదో చూడండి. సీపీయూ లైటు వెలిగితే 8 పిన్నుల కేబుల్, లేదా ఆ ప్రాసెసర్ బోర్డు తయారయ్యాక వచ్చింది కాబట్టి బయోస్ పాతదై ఉండొచ్చు. బోర్డు వెనక బయోస్ ఫ్లాష్‌బ్యాక్ బటన్ ఉంటే పెన్‌డ్రైవ్‌తో మీరే అప్‌డేట్ చేసుకోవచ్చు.

క్యాబినెట్ ముట్టుకుంటే జిల్లుమంటోంది. షాపువాడు పాడైన ఎస్‌ఎంపీఎస్ ఇచ్చాడా?

నూటికి తొంభైసార్లు తప్పు ఇంటి ఎర్తింగ్‌ది. కరెంటులోని గోలను ఎర్త్‌లోకి పంపడానికి ఎస్‌ఎంపీఎస్ లోపల చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ వైరు ఎక్కడా కలవకపోతే ఆ కరెంటుకు పోయే దారి లేక క్యాబినెట్ మీద 115 వోల్టుల దాకా నిలబడుతుంది. కరెంటు పరిమాణం చాలా తక్కువ కాబట్టి జిల్లుమని ఊరుకుంటుంది. అద్దె ఇళ్లలో మూడో రంధ్రం ఉంటుంది గానీ దాని వెనక వైరు ఉండదు. మేము ఇదివరకు ఉన్న ఇంట్లో అంతే, బయటపడేదాకా రెండు నెలలు ఎస్‌ఎంపీఎస్‌నే తిట్టుకున్నాను.

ఎలక్ట్రీషియన్‌ని పిలిచి మల్టీమీటర్‌తో చూపించండి. ఫేజ్‌కి ఎర్త్‌కి మధ్య 230 దగ్గర, న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య దాదాపు సున్నా రావాలి. ‘న్యూట్రల్‌నే ఎర్త్ పిన్నుకి కలిపేస్తా సార్, అయిపోద్ది’ అంటే ఒప్పుకోకండి. ఎక్కడైనా న్యూట్రల్ తెగిందంటే క్యాబినెట్ మొత్తం మీద నిండు 230 వస్తుంది.

## విండోస్, సెట్టింగ్స్

విండోస్ వేస్తుంటే ఇంటర్నెట్ అడుగుతోంది, వైఫై కనపడట్లేదు.

కొత్త బోర్డుల వైఫై డ్రైవర్ విండోస్ ఇన్‌స్టాలర్‌లో ఉండకపోవచ్చు. ఫోన్‌ని కేబుల్‌తో పీసీకి కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. చాలావరకు అది పట్టేస్తుంది. తర్వాత బోర్డు కంపెనీ సైట్ నుంచి డ్రైవర్లు వేసుకోండి.

విండోస్ 10 వేసుకోనా, 11 వేసుకోనా?

11. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది.

బయోస్‌లో ఏం మార్చాలి?

ఒకటే తప్పనిసరి. ఇంటెల్ బోర్డుల్లో ఎక్స్ఎంపీ, ఏఎండీలో ఎక్స్‌పో అనే ఆప్షన్ ఆన్ చేయండి, ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడిపేది అదే. చేయకపోతే 6000 అని రాసి ఉన్న ర్యామ్ కూడా 4800 దగ్గరే నడుస్తూ ఉండొచ్చు. డబ్బులు పెట్టి కొన్న వేగాన్ని డబ్బాలోనే వదిలేసినట్టు. వాలరెంట్ ఆడేవాళ్లు టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ అనే భద్రతా సెట్టింగ్స్ కూడా ఆన్‌లో ఉన్నాయో లేదో చూసుకోండి. విండోస్ 11లో అవి లేకపోతే ఆట తెరుచుకోదు.

144 హెర్ట్జ్ మానిటర్ కొన్నాను. పాతదానికీ దీనికీ తేడా తెలియట్లేదు.

హెర్ట్జ్ అంటే సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో ఆ లెక్క. విండోస్ దాన్ని 60 దగ్గరే ఉంచి ఉంటుంది. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలోకి వెళ్లి 144 ఎంచుకోండి. ఆ అంకె అక్కడ లేకపోతే కేబుల్ మార్చి డిస్‌ప్లేపోర్ట్‌తో చూడండి.

## వాడుకలో

యూపీఎస్ కావాలా? ఇంట్లో ఇన్వర్టర్ ఉంది.

ఇన్వర్టర్ ప్యూర్ సైన్ వేవ్ రకమై, దాని మీద యూపీఎస్ మోడ్ స్విచ్ ఉంటే చాలావరకు సరిపోతుంది. స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద గేమింగ్ పీసీ పెట్టొద్దు, మంచి ఎస్‌ఎంపీఎస్‌లకు ఆ కరెంటు పడదు. విడిగా యూపీఎస్ కొంటే వీఏ అంకెను వాట్లనుకోకండి. 600 వీఏ అని అమ్మేది సాధారణంగా 360 వాట్లే మోస్తుంది. ఆట మధ్యలో పీసీ, మానిటర్ కలిపి ఆ హద్దు దగ్గరికి వస్తే కరెంటు పోయిన క్షణంలోనే అదీ కీచుమని ఆగిపోతుంది. 1100 వీఏ తరగతిది తీసుకోండి. అదైనా ఆట సేవ్ చేసి ఆపడానికే, ఆడుకుంటూ కూర్చోవడానికి కాదు.

కరెంటు బిల్లు ఎంత పెరుగుతుంది? నాన్న అడుగుతున్నారు.

ఆడేటప్పుడు మానిటర్‌తో కలిపి 350 వాట్లు అనుకుందాం. రోజుకు నాలుగు గంటలైతే 1.4 యూనిట్లు, నెలకు 42. మీ బిల్లు ఇప్పటికే శ్లాబు అంచున ఉంటే ఆ 42 యూనిట్లు పై శ్లాబులోకి నెట్టొచ్చు, అది కూడా నాన్నగారికి ముందే చెప్పేయండి.

మే నెలలో ప్రాసెసర్ 88 డిగ్రీలు చూపిస్తోంది. కాలిపోతుందా?

కాలిపోదు. రైజెన్ 7000 వరసలో ఎక్స్3డీ కానివాటికి హద్దు 95, అది తగలగానే తనే వేగం తగ్గించుకుంటుంది. గది వేడి ఎంత పెరిగితే లోపలి వేడీ దాదాపు అంత పెరుగుతుంది. జనవరిలో 25 డిగ్రీల గదిలో 75 ఉన్నది, రామగుండం ఎండల్లో 38 డిగ్రీల గదిలో 88 కావడంలో వింత లేదు. చలికాలంలోనూ 90 దాటుతుంటేనే కూలర్ విప్పి చూడండి. పీసీని టేబుల్ కింద చెక్క గూట్లో పెట్టి ఉంటే ముందు బయటికి లాగండి, దానికే చాలా తగ్గుతుంది.

దుమ్ము ఎన్నాళ్లకోసారి దులపాలి?

రోడ్డు పక్క ఇల్లైతే రెండు నెలలకు, లేదంటే మూడు నాలుగు నెలలకు. ముందు వైపు జాలీని విడిగా తీసి కుళాయి కింద కడిగి, పూర్తిగా ఆరాక పెట్టండి. లోపలికి చిన్న బ్లోయర్ చాలు. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో ఆపి పట్టుకోండి, గాలికి గిర్రున తిరిగితే దాని బేరింగ్ దెబ్బతింటుంది. తడిగుడ్డ వద్దు, చీపురు అసలే వద్దు. ఇంట్లో ఎవరైనా పండక్కి బూజు దులుపుతుంటే మాత్రం ఆ పూటకి పీసీ మీద పాత దుప్పటి కప్పి, ప్లగ్గు తీసేసి ఉంచండి.